పరాయి డీఎన్ఏని కణం ఎలా పసిగడుతుంది?

"వైరస్‌దైనా మనదైనా డీఎన్ఏలో అవే నాలుగు అక్షరాలు కదా, పరాయిదని కణానికెలా తెలుస్తుంది?" అని అడిగారు. చాలావరకు తెలియదండీ. అది ఎవరిదన్నది కాదు, ఎక్కడుందన్నదే కణం చూసుకుంటుంది. డీఎన్ఏ ఉండాల్సింది కేంద్రకంలో, మైటోకాండ్రియాలో. కేంద్రకం చుట్టూ ఉండే జావలో, అంటే సైటోప్లాజంలో కనబడితే దొంగ కిందే లెక్క.

నాకిది ల్యాబ్‌లో దెబ్బ తిన్నాకే తలకెక్కింది. ఎలుక మాక్రోఫేజుల్లోకి (క్రిముల్ని మింగే రోగనిరోధక కణాలు) నా జీన్ ఉన్న ప్లాస్మిడ్, అంటే ఉంగరంలాంటి డీఎన్ఏ ఎక్కిస్తే, వైరస్ వచ్చిందని హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ బీటా అనే ప్రోటీన్ అమాంతం పెరిగింది. అంతా నా జీన్ మహిమేనని రెండు వారాలు మురిసిపోయాను. తీరా చూస్తే నా జీన్ లేని ఖాళీ ప్లాస్మిడ్ వేసిన ప్లేటు గుంటల్లోనూ అదే తీరు! బ్యాక్టీరియా నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషం కలిసిందేమోనని ప్లాస్మిడ్ మళ్లీ శుభ్రం చేశాను, ఫలితం మారలేదు. చివరికి సీనియర్ ఒకావిడ "ముందు డీఎన్ఏజ్‌తో నరికేసి, అప్పుడు ఎక్కించు" అంది (డీఎన్ఏని ముక్కలు చేసే ఎంజైమ్ అది). అలా చేస్తే చప్పుడే లేదు. కణాలు ఉలిక్కిపడింది జీన్‌ని చూసి కాదు, వట్టి డీఎన్ఏని చూసి. అంతకుముందు నేను వాడిన హెచ్‌ఈకే 293టీ అనే మనిషి కణాల్లో (ల్యాబ్‌లో పెంచేవి) ఈ గోల ఎందుకు రాలేదో కూడా అప్పుడే తెలిసింది: వాటిలో సీగ్యాస్ అనే ప్రోటీన్ లేదు.

ఆ సీగ్యాసే ఇక్కడ కాపలాదారు. డాలస్‌లోని జేమ్స్ చెన్ బృందం 2013లో దీన్ని బయటపెట్టింది. ఇది రెండు పోగుల డీఎన్ఏ వెన్నుని పట్టుకుంటుంది, అక్షరాల జోలికి పోదు. పోగు పొడుగ్గా ఉంటే ఇంకా చురుగ్గా పనిచేస్తుంది. పట్టు దొరకగానే కణంలో ఉండే ఏటీపీ, జీటీపీ అనే చిన్న అణువుల్ని కలిపి సీజీఏఎంపీ అనే చిన్న ఉంగరంలాంటి అణువుని తయారుచేస్తుంది. అది వెళ్లి ఈఆర్ (కణం లోపలి పొరల వల) పొర మీదున్న స్టింగ్ అనే ప్రోటీన్‌కి అతుక్కుంటుంది. స్టింగ్ గాల్జీ అనే ఇంకో పొరల కట్ట వైపు కదిలి టీబీకే1 అనే ఎంజైమ్‌ని పిలుస్తుంది, అది జీన్లను తెరిచే ఐఆర్ఎఫ్3 అనే ప్రోటీన్‌ని లేపుతుంది, ఇంటర్‌ఫెరాన్ జీన్ తెరుచుకుంటుంది. నాకు బాగా నచ్చేది ఇంకోటుంది: ఆ ఉంగరం కణాల్ని కలిపే గ్యాప్ జంక్షన్లనే సన్నటి దారుల గుండా పక్క కణాల్లోకీ పాకుతుంది, అంటే వైరస్ ఇంకా చేరని ఇరుగుపొరుగుకి కూడా ముందే కబురందుతుంది.

అక్షరాలు చూసేవాళ్లు అసలే లేరని కాదు. కణం బయటి నుంచి మింగినవి చేరే ఎండోజోమ్ అనే సంచిలోని టీఎల్ఆర్9 అనే ప్రోటీన్, మిథైల్ అనే రసాయన గుర్తు లేని సీజీ జంటల (సీ పక్కనే జీ అక్షరం ఉన్న చోట్లు) కోసం వెతుకుతుంది. బ్యాక్టీరియా డీఎన్ఏలో అవి ఎక్కువ.

చోటు చూసి తీర్పు చెప్తే పొరపాట్లు తప్పవు. మన డీఎన్ఏ ముక్కలే సైటోప్లాజంలోకి కారితే ట్రెక్స్1 అనే ఎంజైమ్ ఊడ్చేస్తుంది. ఆ జీన్ చెడిన కొందరు పసివాళ్లలో శత్రువంటూ ఎవరూ లేకుండానే ఇంటర్‌ఫెరాన్ మోగుతూ మెదడు దెబ్బతింటుంది. ఐకార్డి-గూటియేర్ సిండ్రోమ్ అంటారు దాన్ని.