ప్రకటనలు లేకుండా సైటు నడుస్తుంది, దాతలతోనే చిక్కు

ప్రకటనల ఆదాయం లేకుండా చిన్న సేవా సైటు నడపగలమా, ఖర్చులకు డబ్బెలా అని అడిగారు. శుభ్రంగా నడపొచ్చు. పెళ్లి పాటలు, దంపుళ్ల పాటలు, మంగళహారతులు పెద్దవాళ్లచేత పాడించి పెట్టే సైటొకటి మేం నలుగురం నడుపుతున్నాం. ఒక్క ప్రకటన లేదు. పెట్టినా మంగళహారతి పక్కన అప్పుల యాప్ బొమ్మ తప్ప ఒరిగేదేమీ ఉండదు.

అందరూ భయపడేంత ఖర్చు కాదు. డొమైన్‌కి, అంటే సైటు చిరునామాకి, ఏడాదికి వెయ్యో, పదిహేను వందలో. సైటుకీ చూసేవాళ్లకీ మధ్య సమాచారం భద్రంగా ఉండేందుకు ఒకప్పుడు కొనుక్కోవాల్సిన ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్‌ను ఇప్పుడు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ ఉచితంగా ఇస్తోంది. లాగిన్లూ డేటాబేసులూ పెట్టుకోకుండా ఉత్త పేజీలైతే గిట్‌హబ్ పేజెస్ అనే సేవలో హోస్టింగూ, అంటే సైటును నెట్‌లో ఉంచడమూ, ఉచితమే. ఆడియో ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ లైబ్రరీలో పెడతాం. డబ్బు కరిగేది బస్సు చార్జీలకు, టైపింగుకు. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో ఉన్న పాత ఫైలు చేతికిచ్చి "అంతా రెడీ అండీ" అంటారు చూడండి, దాన్ని నెట్‌లో అందరికీ కనిపించే యూనికోడ్‌లోకి మార్చి ఒత్తులు సరిచూసే టైములో మొత్తం కొత్తగా టైపు చేసేయొచ్చు.

అసలు తలనొప్పి దాతలు. ఆమధ్య ఒక పెద్దాయన ఫోన్ చేసి పాతిక వేలు ఇస్తానన్నారు. ఎగిరి గంతేశాం. కాసేపటికి వాట్సాప్‌లో వాళ్ల నాన్నగారి ఫొటో వచ్చింది. శాలువా, దండ, చుట్టూ గులాబీల బోర్డరు.

"హోం పేజీలో పైన పెట్టండి బాబూ."

"దాతల పేజీలో పేరు వేస్తామండీ."

"లోపలికెళ్లి ఎవరు చూస్తారు? పోనీ, పాటకు ముందు నాన్నగారి గురించి రెండు ముక్కలు చెప్పించండి. నేనే రికార్డు చేయించి పంపుతా."

అన్నట్టే పంపారు. వెనకాల వీణ, గంభీరమైన గొంతు, మా లాలిపాట కంటే పొడుగు! గుళ్లో ట్యూబ్‌లైటు మీద దాత పేరు రాస్తే వెలుతురు బయటికి రానట్టు ఉంటుందీ వ్యవహారం. మాలో ఒకాయన "ఒక్క ఫొటోకి ఏం పోయిందిరా, ఏడాది టైపింగు ఖర్చు వెళ్లిపోతుంది" అని గట్టిగా వాదించాడు. నేను ఒప్పుకోలేదు. ప్రకటనలు వద్దనుకున్నాక విరాళం పేరుతో వచ్చే ప్రకటనా వద్దు. డబ్బు రాలేదు గానీ పెద్దాయన గుడ్‌మార్నింగ్ మెసేజ్‌లు మాత్రం రోజూ వస్తున్నాయి.

"అమెరికాలో మనవాళ్లు బోలెడుమంది ఉన్నారుగా" అనే సలహా ఒకటి. పాస్‌పోర్టు ఇంకా ఇండియాదే అయితే వాళ్ల సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే మాత్రం, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, అది విదేశీ విరాళం కింద లెక్క. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద నమోదో ముందస్తు అనుమతో కావాలి. ఆ నమోదుకు మామూలుగా సంస్థకు మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. అంత ఖర్చు పెట్టగలిగితే మాకు విరాళాలెందుకు?

ఇప్పుడు తెలిసినవాళ్లే యూపీఐలో వందా రెండొందలూ వేస్తుంటారు, దాంతోనే గడుస్తోంది. మీరు మొదలుపెడితే డొమైన్ ఎవరో ఒకరి సొంత ఈమెయిల్ మీద కొనకండి. ఏటా దాని డబ్బు కట్టడానికి ఆటో డెబిట్‌ను నమ్ముకోకండి, 2021 అక్టోబరులో ఆర్‌బీఐ నిబంధనలు మారాక కార్డుల నుంచి అలా కట్ కావాల్సినవి చాలామందికి ఆగిపోయాయి. డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటివాటికి ఒకేసారి పదేళ్ల వరకూ కట్టేయొచ్చు. చేతిలో డబ్బున్నప్పుడే కట్టేయండి.