కేసు కొట్టేశారు సరే, కాగితం సంగతేంటి?

చిన్నా,

నిన్న ఫోన్లో "జడ్జి నా షాప్‌లిఫ్టింగ్ కేసు డిస్మిస్ చేశారు కదా బాబాయ్, ఇంకా ఉద్యోగం ఇచ్చేవాళ్లు చేసే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఏం వస్తుంది?" అన్నావు. వస్తుందిరా. అమెరికాలో కేసు పోయినా అరెస్టయిన సంగతి రికార్డులో ఉంటుంది. పెన్సిల్వేనియా 2018లో చట్టం చేసినట్టు కొన్ని రాష్ట్రాల్లో కొంతకాలానికి దానంతట అదే సీల్ అవుతుంది (అంటే బయటివాళ్లకు కనబడదు) గానీ, చాలాచోట్ల ఎక్స్‌పంజ్ చేయమని, అంటే రికార్డు నుంచి తీసేయమని పిటిషన్ వేసుకోవాల్సింది మనమే.

ముందు నీ రికార్డులో ఏముందో తెప్పించుకో. వేలిముద్రలు, 18 డాలర్లు పంపితే ఎఫ్‌బీఐ నీ రికార్డు నీకే ఇస్తుంది, రాష్ట్రం దగ్గరున్నది వేరేగా అడగాలి. సస్పెండ్ అయిన లైసెన్సుతో కారు నడిపి నేనూ ఒకసారి దొరికాను (మీ పిన్ని ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది). కేసు కొట్టేశారు, నేనూ మర్చిపోయాను. ఏళ్ల తర్వాత రికార్డు తెప్పించి చూస్తే అరెస్టు తేదీ ఉంది, ఫలితం ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ! చూసేవాడు కేసు ఇంకా నడుస్తోందనే అనుకుంటాడు. కోర్టు క్లర్కు దగ్గర కోర్టు ముద్ర వేసిన డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం) కాపీ తీసుకుని పంపితే గానీ సరికాలేదు.

ఆ కాపీలు నువ్వు ఇప్పుడే ఓ నాలుగు తీసి పెట్టుకో. ఎక్స్‌పంజ్ అయ్యాక వెళ్తే అలాంటి కేసే లేదంటారు, అప్పుడు నీ చేతిలో రుజువు ఉండదు.

కంపెనీల కోసం చెక్ చేసే ఏజెన్సీలు ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) చట్టం ప్రకారం శిక్ష పడని అరెస్టును 7 ఏళ్లు దాటాక చూపకూడదు, జీతం ఏడాదికి 75,000 డాలర్లు, ఆపైన ఉన్న ఉద్యోగమైతే ఆ గడువు వర్తించదు. నేరం ఖరారైతే (కన్విక్షన్) దానికి ఆ చట్టంలో గడువే లేదు. రిపోర్టు చూసి ఉద్యోగం ఇవ్వకూడదనుకుంటే ముందు దాని కాపీ నీకివ్వాలి, తప్పుంటే సరిచేయమని ఆ ఏజెన్సీకి డిస్ప్యూట్ పెట్టు, మామూలుగా 30 రోజుల్లో తేల్చాలి. అప్లికేషన్‌లో ప్రశ్న మాత్రం రెండుసార్లు చదువు, "కన్విక్ట్ అయ్యావా" అనడం వేరు, "అరెస్ట్ అయ్యావా" అనడం వేరు.

నాకు అసలు టెన్షన్ నీ వీసా గురించి. ఎక్స్‌పంజ్ అయినంత మాత్రాన ఇమిగ్రేషన్ వాళ్లకు అది లేనట్టు కాదు, వీసా ఫారంలో అరెస్టు గురించి కూడా అడుగుతారు, అక్కడ "లేదు" అని కొట్టావంటే చిన్న షాప్‌లిఫ్టింగ్ కేసు కన్నా ఆ అబద్ధమే పెద్ద కేసవుతుంది. ఇంకోటి, గుర్తు తెచ్చుకుని చెప్పు: ఊరికే కొట్టేశారా, లేక నువ్వు ముందు "గిల్టీ" అని ఒప్పుకుని, కమ్యూనిటీ సర్వీసు చేశాక కొట్టేశారా? రెండోదైతే రాష్ట్రం దృష్టిలో శిక్ష లేకపోయినా ఇమిగ్రేషన్ చట్టం దాన్ని కన్విక్షన్ కిందే లెక్కేయొచ్చు. క్రిమినల్ లాయర్లలో ఈ తేడా పట్టించుకోని వాళ్లున్నారు, అందుకే ఇమిగ్రేషన్ లాయర్‌కు కూడా చూపించమంటున్నా. ఫీజు నేనిస్తాను, మీ నాన్నకు ఇప్పుడే చెప్పక్కర్లేదు.

జడ్జి ఇచ్చిన ఆర్డర్ అన్ని పేజీలూ ఫోటో తీసి ఈ రాత్రికే పంపు, వెనక వైపు కూడా. వీసా ఫారం అప్పటిదాకా ముట్టుకోకు.

బాబాయ్