ముందు చెంబు, తర్వాతే పడవ

అమ్మలూ,

ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి బొమ్మలు నేర్చుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. నేనూ కసురుకున్నాను గానీ, ఫోన్ పెట్టేశాక మనింట్లో ఇంకొకరు బ్రష్షు పట్టారని మీ అత్తతో రెండుసార్లు చెప్పుకున్నాను. అప్పుడే 48 రంగుల పెట్టె కొన్నావటగా, ఎందుకే అంత తొందర?

మంచి కాగితం కొను, వెలుతురున్న చోట కూర్చో, రోజూ గియ్యి. ఇవి నీకు తెలిసినవే.

బ్రష్షు మాత్రం నోట్లో పెట్టుకోకు. బోర్డులు రాసే రోజుల్లో మొన కోసం పెదాలతో తడిపేవాళ్లం, ఆ అలవాటు మానడానికి నాకు పదేళ్లు పట్టింది. కొన్ని రంగుల్లో సీసం, కాడ్మియం ఉంటాయి. చిన్నప్పుడు నువ్వు పెన్సిళ్లన్నీ కొరికేసేదానివి, అందుకే నా టెన్షన్.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు కోటిపల్లి రేవు దగ్గర ఒక హోటలాయన గోడంతా గోదావరి సీను వెయ్యమన్నాడు. నాకు గీత రాదు, రంగులు మాత్రం కళ్లు చెదిరేలా వేస్తాను. నారింజ ఆకాశం, నీళ్లలో మెరుపులు, మధ్యలో పెద్ద తెరచాప పడవ, మూడు రోజులు వేశాను. టీ తాగడానికొచ్చిన, పడవలు నడిపే ముసలి సరంగు ఒకాయన గ్లాసు చల్లారిపోయేదాకా చూస్తూ నిలబడితే, పొగుడుతాడనుకున్నా.

"బాబూ, ఇది నువ్వు కూర్చుని చూశావా, నుంచుని చూశావా?" అన్నాడు.

నాకర్థం కాలేదు.

"లోపలి బల్లలన్నీ కనపడతన్నాయి, అంటే గట్టు మీద నుంచున్నావు. మరి అవతలొడ్డు పడవ అంచు కంటే కిందకుందేంటి? అలా కనపడాలంటే నువ్వు నీళ్లలో పీకల్లోతు మునిగుండాలి."

హోటలంతా నవ్వింది. హోటలాయన సగం డబ్బులిచ్చి, ఆ వారమే గోడకి సున్నం కొట్టించాడు. మీ అత్తకి కూడా ఈ సంగతి పెళ్లయిన చాలా ఏళ్లకి గానీ చెప్పలేదు.

కంటి ఎత్తు, అంటే చూసేవాడి కన్ను ఎంత ఎత్తులో ఉందో తెలియకపోవడమే నా తప్పు. ఇంట్లో ఇత్తడి చెంబు నేల మీద పెట్టి చూడు, మూతి దాదాపు గుండ్రంగా కనిపిస్తుంది. స్టూలు మీద పెడితే కోలగా అణుగుతుంది, సరిగ్గా కంటికి ఎదురుగా పెడితే గీతైపోతుంది, ఇంకా పైకెత్తితే అడుగు కనిపిస్తుంది. పడవ అంచూ అంతే. నెల రోజులు ఆ చెంబే గియ్యి. తర్వాత ఒక్క నలుపుతోనే వెలుగూ నీడా వెయ్యి, కళ్లు చికిలించి చూస్తే ఏది ముదురో తెలుస్తుంది. రంగుల పెట్టె సంగతి ఆ తర్వాత.

ఈసారి రాజమండ్రిలో దిగినప్పుడు చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్లు. ఆయన 1925లో, 28 ఏళ్లైనా నిండకుండా పోయాడు. పెద్ద బొమ్మల దగ్గర ఫొటోలు తీసుకుని వచ్చెయ్యకు, స్కెచ్చుల దగ్గర నిలబడు. అంత చిన్న వయసులో ఆ చెయ్యి ఎంత గీస్తే అలా తిరిగిందో చూడు. నాకైతే అక్కడ ప్రతిసారీ కాస్త సిగ్గేస్తుంది.

మీ అమ్మతో నేను మాట్లాడతాలే. దసరాకి రా, రంగుల పెట్టె అక్కడే వదిలేసి. చెంబు తోమించి పెడతాను.

మావయ్య