ఉద్యోగం మానిపించి హ్యాకింగ్ కోర్సులో చేర్పించాలా?

బీకామ్ చేసిన మీ అమ్మాయి ఇక్కడే బెంగళూరులో ఒక బ్యాంకు బ్యాక్ ఆఫీసులో రెండేళ్లుగా రికన్సిలియేషన్ (రెండు చోట్ల లెక్కలు ఒకదానితో ఒకటి సరిచూసే పని) చూస్తోందని, ఆ గుమాస్తా పనికి భవిష్యత్తు లేదని, బంగారం తాకట్టు పెట్టయినా మారతహళ్లిలో రెండు లక్షల ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేర్పిస్తానని, లేదంటే బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) పరీక్షకు కూర్చోబెడతానని రాశారు. ఉద్యోగం మానిపించకండి. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.

2018 ఫిబ్రవరిలో తమిళనాడులోని కుంభకోణం పట్టణం కేంద్రంగా ఉన్న సిటీ యూనియన్ బ్యాంకు స్విఫ్ట్ సిస్టంలోకి (విదేశాలకు డబ్బు పంపమని బ్యాంకులు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే వ్యవస్థ) దొంగలు చొరబడి, బ్యాంకు పంపనే పంపని మూడు చెల్లింపులు విదేశాలకు పంపేశారు. అది బయటపడింది ఎలాగో తెలుసా? ఫిబ్రవరి 7న లెక్కలు సరిచూస్తుంటే. అంటే మీ అమ్మాయి రోజూ చేసే పని చేస్తుంటేనే. వెంటనే కదిలారు కాబట్టి అందులో ఒక చెల్లింపు ఆగింది కూడా. మీరు గుమాస్తా పని అంటున్నది దీన్నేనండీ!

ఆ కోర్సుల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ఆరు నెలలు టూల్స్ నేర్పుతారు, డబ్బు ఏ దారిన పోతుందో, ఎవరు ఎంటర్ చేస్తే ఎవరు అప్రూవ్ చేయాలో నేర్పరు. ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అంటే ఏ ఉద్యోగం, ఎంత జీతం అని కాగితం మీద రాసిమ్మనండి, మాట మార్చేస్తారు. పీఓ సంగతి, అమ్మాయికి ఇష్టమైతే రాస్తుంది, అంతే.

తను ఇప్పుడున్న కంపెనీలోనే ఐటీ రిస్క్ టీమ్‌కో (కంప్యూటర్ వ్యవస్థల్లో ముప్పులు చూసేది), కంట్రోల్ టెస్టింగ్‌కో (తప్పులు, మోసాలు జరక్కుండా పెట్టిన కట్టుబాట్లు పనిచేస్తున్నాయా అని పరీక్షించేది) మారే అవకాశం కోసం మేనేజర్‌ని అడగమనండి. తర్వాత ఐటీ ఆడిట్ సర్టిఫికెట్ అయిన సీసా (CISA) పరీక్ష రాయొచ్చు. పాసైనా, సర్టిఫికెట్ రావాలంటే ఈ రంగంలో ఐదేళ్ల అనుభవం చూపాలి, కొంత మినహాయింపు ఉంటుంది, అందుకే ముందు టీమ్ మారమంటున్నాను. పని దొరకదేమోనని టెన్షన్ పడకండి. ఐటీ లోపాలున్నాయని 2024 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు కోటక్ మహీంద్రా అంతటి బ్యాంకునే ఆన్‌లైన్‌లో కొత్త ఖాతాదారుల్ని తీసుకోవద్దని ఆపింది. అలాంటి లోపాల్ని ముందే పట్టుకునే మనుషులు ప్రతి బ్యాంకుకూ కావాలి.

ఇంకో మాట, కోపగించుకోకండి. మీ బావమరిది కొడుకు ప్యాకేజీ గురించి మూడుసార్లు రాశారు, మీ అమ్మాయికి ఏది ఇష్టమో ఒక్కసారీ రాయలేదు. ఇరవైమూడేళ్ల పిల్ల, రెండేళ్లుగా సంపాదిస్తోంది, తనని అడగకుండా తన జీవితం మీరెలా తేల్చేస్తారు? ఈ రాత్రి భోజనాల దగ్గర, ఈ మధ్య లెక్కల్లో నువ్వు పట్టుకున్న తేడా ఏంటమ్మా అని అడిగి, చెప్పేదాకా వినండి. కోర్సుకి అడ్వాన్సు కట్టేసి ఉంటే రసీదు తీసి, డబ్బు వెనక్కిచ్చే గడువుందేమో ఈ రోజే చూడండి.