క్రోమ్ డ్రమ్ము దగ్గర చేతులు పాడయ్యాయి, పరిహారం అడగవచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లాలో తమిళనాడు సరిహద్దున ఉన్న పల్లె. మా నాన్న పదకొండేళ్లుగా రాణిపేటలో ఒక తోళ్ల శుద్ధి కర్మాగారంలో మేస్త్రీ కింద పనిచేస్తున్నారు. తోళ్లను క్రోమియం లవణాలతో శుద్ధి చేసే క్రోమ్ డ్రమ్ములోకి తోళ్లు ఎక్కించడం, దించడం ఆయన పని. రెండేళ్లుగా వేళ్ల సందుల్లో చర్మం పగిలి రసి కారుతోంది. ఆయాసం కూడా మొదలైంది. ఈఎస్‌ఐ (కార్మిక రాజ్య బీమా) కార్డు నాలుగేళ్ల కిందటే ఇచ్చారు. ఇరవై వేలు తీసుకొని, ఇక ఏమీ అడగనని సంతకం పెట్టమంటున్నారు. పెట్టవచ్చా?

జవాబు: పెట్టవద్దు. పరిహారం హక్కును వదులుకుంటూ రాసిన ఒప్పందం ఉద్యోగుల పరిహార చట్టం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. చెల్లని కాగితమే కదా అని సంతకం చేస్తే మాత్రం, అందులో ‘ఈ జబ్బు నాకు ముందునుంచీ ఉంది’ అన్న వాక్యం ఒకటి చేరి, రేపు విచారణలో మీ నాన్నగారికే అడ్డు తగులుతుంది.

చాలామంది కార్మికులు, జబ్బు పనివల్లనే వచ్చిందని తామే రుజువు చేయాలనుకొని వెనకడుగు వేస్తారు. క్రోమియం, దాని విషపూరిత సమ్మేళనాల వల్ల కలిగే వ్యాధులు పరిహార చట్టంలోనూ, ఈఎస్‌ఐ చట్టంలోనూ మూడో షెడ్యూలు ‘బి’ భాగంలో ఉన్నాయి. ఆ భాగంలోని పనిని ఆరు నెలలకు తక్కువ కాకుండా ఎడతెగకుండా చేసిన కార్మికుడికి అందులో చెప్పిన వ్యాధి వస్తే, అది పనివల్ల కలిగిన గాయంగానే చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం ఎదుటి పక్షానిది. మీరు చూపవలసినవి రెండే: ఆయన ఆ పనిలో ఉన్నారని, ఆయనకు వచ్చింది ఆ వ్యాధేనని.

ఈ రెండో విషయం దగ్గరే కేసులు నీరుగారిపోతాయి. ఆసుపత్రి చీటీలో ‘చర్మవ్యాధి’ అని రాసి, పూత మందు ఇచ్చి పంపేస్తారు. రోగి ఏ పని చేస్తాడో ఆ చీటీలో ఎక్కడా ఉండదు. ఈసారి ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్లినప్పుడు ‘తోళ్ల పరిశ్రమలో క్రోమ్ డ్రమ్ము దగ్గర పదకొండేళ్లుగా పని’ అన్న మాట రాయించుకోండి. చర్మవైద్యుల వద్ద ప్యాచ్ పరీక్ష చేయించమని అడగండి. వీపు మీద పొటాషియం డైక్రోమేట్ అనే క్రోమియం రసాయనాన్ని అతికించి, రెండు మూడు రోజుల తర్వాత అక్కడ చర్మం ఎర్రబడి పొంగిందేమో చూస్తారు. పొంగితే క్రోమియం పడడం లేదనడానికి అది బలమైన సాక్ష్యం. ఆయాసం సంగతి అంత సులువు కాదు. దానికి దుమ్ము, పొగతాగడం, పాత ఉబ్బసం ఇలా ఎన్నో కారణాలు చూపిస్తారు కాబట్టి, శ్వాస పరీక్షలు చేయించి దాని క్లెయిమును విడిగా నడపాలి.

ఇక పని రుజువు. మేస్త్రీ కింద పనిచేసినంత మాత్రాన కర్మాగార యాజమాన్యం తప్పించుకోలేదు; కాంట్రాక్టు కార్మికుల ఈఎస్‌ఐ చందా కట్టవలసిన మొదటి బాధ్యత ప్రధాన యజమానిది, అంటే ఆ కర్మాగారానిదే. కార్డు రాకముందు ఏడేళ్ల విషయంలో కూడా, యజమాని చందా కట్టలేదన్న సాకుతో కార్మికుడి హక్కు పోదు. ఈఎస్‌ఐ కార్పొరేషన్ ప్రయోజనం చెల్లించి యజమాని నుంచి రాబట్టుకోవచ్చని ఈఎస్‌ఐ చట్టం 68వ సెక్షన్ చెబుతోంది. గేటు పాసు, బ్యాంకు ఖాతాలో పడిన కూలి, తోటి కార్మికుల వాంగ్మూలం అన్నీ పనికొస్తాయి. తోళ్ల శుద్ధిని ఫ్యాక్టరీల చట్టం ప్రమాదకర పరిశ్రమల జాబితాలో చేర్చి, కార్మికుల ఆరోగ్య రికార్డులను వారికి చూపాలని 41సి సెక్షన్‌లో చెప్పింది. ఆ రికార్డు నకలు కోసం లిఖితపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే ఆ నిరాకరణ కూడా మీ వాదనకు ఉపకరిస్తుంది.

ఇరవై వేల మాటకు వస్తే, ఈఎస్‌ఐలో తాత్కాలిక అశక్తతకు సగటు వేతనంలో 90 శాతం భృతి వస్తుంది. శాశ్వత అశక్తత అయితే, సంపాదనా శక్తి ఎంత శాతం తగ్గిందో వైద్య మండలి తేల్చిన మేరకు జీవితాంతం భృతి వస్తుంది. వృత్తి వ్యాధి అవునా కాదా అన్నది ప్రత్యేక వైద్య మండలి నిర్ణయిస్తుంది. ఈఎస్‌ఐ వర్తించే కార్మికుడు అదే జబ్బుకు పరిహార చట్టం కింద మళ్లీ కోరడానికి ఈఎస్‌ఐ చట్టం 53వ సెక్షన్ అనుమతించదు కాబట్టి, మీ దారి ఈఎస్‌ఐదే. వివాదం వస్తే ఈఎస్‌ఐ కోర్టు వ్యవహారం ఆయన పనిచేసిన ప్రాంతంలో, అంటే రాణిపేట వైపు నడపాలి. ఈఎస్‌ఐ వర్తించని చోట పనిచేసినవారికి మాత్రం, తాము నివసించే ప్రాంతపు పరిహార కమిషనర్ ముందే దరఖాస్తు చేసుకొనే వెసులుబాటు పరిహార చట్టంలో ఉంది.

2025 నవంబరు 21 నుంచి పరిహార, ఈఎస్‌ఐ చట్టాల స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. వృత్తి వ్యాధుల జాబితా అందులోనూ ఉంది. ఫ్యాక్టరీల చట్టం స్థానంలోనూ అదే రోజు మరో కోడ్ వచ్చింది. నేను ఈ జవాబులో చెప్పిన సెక్షన్ల సంఖ్యలు పాత చట్టాలవి. జబ్బు లక్షణాలు తొలిసారి ఏ తేదీన నమోదయ్యాయో చీటీలన్నీ వెదికి చూసుకోండి. ఏ చట్టం కింద దరఖాస్తు రాయాలన్నది ఆ తేదీని బట్టి తేలుతుంది.

చివరగా, తాత్కాలిక అశక్తత భృతి అందుతున్న కాలంలో కార్మికుడిని తొలగించడాన్ని ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్ నిషేధించింది. మేస్త్రీ ‘రేపటినుంచి రావద్దు’ అని నోటిమాటగా అంటే, ఆ తేదీని, అప్పుడు పక్కన ఎవరున్నారో ఆ రోజే రాసిపెట్టుకొని, యాజమాన్యానికి రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపి, రసీదు భద్రపరచండి.