వస్తానన్న రోజున వెళ్ళు

చి. అమ్మలుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. ఉద్యోగంలో కుదురుకున్నాను, శని ఆదివారాలు ఖాళీగా ఉంటున్నాయి, నలుగురికి పనికొచ్చే పని ఏదైనా చెయ్యాలనుంది అన్నావు. సంతోషం. కానీ కింద నువ్వు రాసిన లిస్టు చూస్తే కొంచెం భయమేసింది. వృద్ధాశ్రమం, పిల్లలకు చదువు, రక్తదానం, మొక్కలు, వీధికుక్కలు, వరద బాధితులు. ఉన్నవి రెండు రోజులు, పనులు ఆరు! ముప్పయ్యేళ్ళుగా ఈ పనుల్లో తిరుగుతున్నాను కదా, ఇలాంటి లిస్టులతో వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. మొదటి నెల అందరికంటే ముందు వస్తారు. రెండో నెల ఫోన్ ఎత్తరు. ఆరంభశూరత్వం అనే మాట మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు.

నేనేం తక్కువ తినలేదులే. మొదట్లో, చూపు పోయిన ఒక పెద్దాయనకు పేపరు చదివి పెట్టే పని ఒప్పుకున్నాను. ప్రతి శనివారం నాలుగింటికి. మూడు వారాలు బాగానే సాగింది. నాలుగో వారం ఇంటికి చుట్టాలొచ్చారు, వెళ్ళలేదు. ఐదో వారం వాన. ఒక్క ఫోన్ చేసినా సరిపోయేది, అదీ చెయ్యలేదు. జీతం లేని పనికి సెలవు చెప్పుకోవడం ఏమిటి అని మనసులో ఏ మూలో ఉండుంటుంది. ఆరో వారం వెళ్తే ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఆ రోజు పేపరు. పక్కన స్టూలు మీద ఇంకో రెండు, ముందు వారాలవి, మడత కూడా విప్పలేదు. కోప్పడలేదు. "ఏదో పనుండుంటుందిలేమ్మా" అని, ఒళ్ళో ఉన్నది పక్కన పెట్టి అన్నిటికంటే పాతది నా చేతికిచ్చారు. వరసలో చదువుదాం, మధ్యలో ఏం జరిగిందో తెలియకపోతే ఎలా అన్నారు. ఆ సాయంత్రం మూడు పేపర్లు చదివేసరికి నా గొంతు బొంగురుపోయింది.

అసలు విషయం వచ్చేటప్పుడు గేటు దగ్గర తెలిసింది. ఆ రెండు వారాలూ వాళ్ళ కోడలు తను చదువుతానందట. "ఆవిడ వస్తుందిలే" అని ఈయనే వద్దన్నారట. అంటే నేను వెళ్ళకపోవడమే కాదు, చదివేవాళ్ళకు అడ్డం కూడా పడ్డానన్నమాట. మాట ఇచ్చి రాని మనిషి కంటే అసలు మాట ఇవ్వని మనిషి నయమని ఆ రోజు అర్థమైంది.

కాబట్టి నీ లిస్టులోంచి ఒక్కటి ఉంచుకో. వారానికి రెండు గంటలు చాలు. నాలుగు గంటలు ఇవ్వగలను అనిపిస్తే రెండే చెప్పు. కుదరని వారం ముందు రోజే ఫోన్ చేసి చెప్పు. పిల్లలకు చదువు చెప్పే పని తీసుకుంటావా, ఇంకా ఆలోచించుకో. అమ్మానాన్నల దగ్గర లేని పిల్లలకు మనుషులు వచ్చి వెళ్ళిపోవడం ముందే అలవాటు. నువ్వు మూడు వారాలు ముద్దు చేసి మాయమైతే, ఆ జాబితాలో నువ్వూ చేరతావు. కనీసం ఏడాది నిలబడగలను అనుకుంటేనే అటు వెళ్ళు. అక్కడివాళ్ళు నీ వివరాలన్నీ అడుగుతారు, పిల్లలతో ఒంటరిగా ఉండనివ్వరు. నొచ్చుకోకు. అలా అడగని చోటే అనుమానించాలి.

రక్తం సంగతి కూడా ఇంతే. పెద్ద ప్రమాదం జరిగిన రోజున జనం బ్లడ్ బ్యాంకు ముందు బారులు తీరతారు, అది మంచి మనసే. కానీ రక్తం దాచిపెట్టుకునే సరుకు కాదు. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో పెట్టినా దాదాపు 42 రోజులే ఉంటాయి. ప్లేట్‌లెట్లయితే 5 రోజులు, మహా అయితే 7. ఒకే రోజు అందరూ ఇచ్చేస్తే కొంత పారబొయ్యాల్సి వస్తుంది, రెండు నెలల తర్వాత క్యాన్సర్ పేషెంటుకు కావాల్సొచ్చినప్పుడు స్టాకు ఉండదు. పైగా మొన్న ఇచ్చినవాళ్ళు వెంటనే మళ్ళీ ఇవ్వలేరు. దేశాన్నిబట్టి రెండు నుంచి నాలుగు నెలలు ఆగాలంటారు. అందుకని ఏ గొడవా లేని మామూలు రోజున వెళ్ళి ఇవ్వు. మళ్ళీ ఎప్పుడు ఇవ్వొచ్చో అడిగి ఫోన్‌లో అలారం పెట్టుకో. వెళ్ళేముందు కడుపునిండా తిను, నీళ్ళు బాగా తాగు, ఇచ్చాక పావుగంట కూర్చో. కళ్ళు తిరిగి పడితే నీకు సాయం చెయ్యడానికి ఇంకో ఇద్దరు కావాలి.

వరద బాధితులకు బట్టలు పోగు చేస్తానన్నావు. ఇక్కడ కాస్త ఆగు. ఒకసారి వరదల తర్వాత వచ్చిన మూటలు విప్పే పని నాకు పడింది. హాలు నిండా మూటలు, కిటికీల దాకా. కొన్ని దార్లోనే తడిసి బూజు పట్టాయి. ఒక మూటలో చిన్నపిల్లల బూటు, ఎర్రది, చక్కగా తుడిచి పెట్టారు. ఎడమ కాలిది. కుడిది లేదు. జత ఎక్కడో ఉంటుందని ముగ్గురం అరగంట వెతికాం. అదే సమయంలో బయట తాగునీళ్ళ లారీ దగ్గర మనుషులు చాలక డ్రైవర్ ఒక్కడే డబ్బాలు దింపుకుంటున్నాడు. సహాయ శిబిరాల్లో పనిచేసేవాళ్ళు ఇలా వచ్చిపడే సామానును "రెండో విపత్తు" అంటారు. 2004 సునామీ తర్వాత కూడా ఎవరికీ పనికిరాని బట్టల గుట్టలు చాలా చోట్ల మిగిలాయి. అక్కడ పనిచేస్తున్న, నమ్మకమైన సంస్థకు డబ్బే పంపు. ఏం కావాలో వాళ్ళు దగ్గర్లోనే కొనుక్కుంటారు, అక్కడి వ్యాపారులూ నిలబడతారు. వస్తువులే ఇవ్వాలనుకుంటే ముందు ఫోన్ చేసి అడుగు. ఇంట్లో మిగిలిపోయిన మందులు మాత్రం ఎవరికీ పంపకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లోనే దీని మీద నియమాలు పెట్టింది. రోగుల దగ్గర మిగిలిన మందులు ఇవ్వకూడదు, చేరేసరికి కనీసం ఏడాది గడువు ఉండాలి అని.

అడగమన్నానని నవ్వుకోకు. సాయం చేసేవాళ్ళలో నేను ఎక్కువగా చూసిన తప్పు ఇదే, అడక్కుండా చెయ్యడం. చూపులేని మనిషి రోడ్డు పక్కన కనబడగానే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేవాళ్ళను చూశాను. నిన్నెవరైనా చీకట్లో అలా లాగితే ఎలా ఉంటుంది? "సాయం కావాలా అండీ?" అని అడుగు. వద్దంటే సరే. కావాలంటే, నీ మోచేతికి కాస్త పైన వాళ్ళనే పట్టుకోనియ్యి. నువ్వు ఒక్క అడుగు ముందు నడువు. నీ కదలికను బట్టే మలుపు వాళ్ళకు తెలిసిపోతుంది. మెట్టు వస్తే ఎక్కాలో దిగాలో చెప్పు. వదిలేటప్పుడు వెళ్తున్నానని చెప్పి మరీ వెళ్ళు, లేకపోతే వాళ్ళు నువ్వున్నావనుకుని గాలితో మాట్లాడుతూ నిలబడతారు. వీల్‌చైర్ అయినా అంతే, అడక్కుండా తొయ్యకు. పక్కనున్న మనిషిని "ఈయనకేం కావాలి?" అని అడగకు. ఆయన్నే అడుగు. ఆయనకు నడక లేదు, మాట ఉంది.

అయితే కష్టంలో ఉన్నవాళ్ళ దగ్గర ఇంకో రకం అడగడం ఉంది, అది పనికిరాదు. "ఏదైనా కావాలంటే మొహమాటపడకుండా చెప్పు" అంటాం చూడు, అది. అడగందే అమ్మయినా పెట్టదంటారు కానీ, ఇంట్లో మనిషి పోయినవాళ్ళకు, ఆస్పత్రి చుట్టూ తిరిగేవాళ్ళకు ఏం కావాలో ఆలోచించుకునే ఓపికే ఉండదు. అప్పుడు నువ్వే పని పేరు పెట్టి చెప్పాలి. "మంగళవారం సాయంత్రం పిల్లాణ్ణి స్కూలు నుంచి నేను తీసుకొస్తాను, సరేనా?" అను. సరే అనడం వాళ్ళకు తేలిక. "రేపు రాత్రి ఆస్పత్రిలో నేను పడుకుంటాను, నువ్వు ఇంటికెళ్ళి నిద్రపో." ఇలాంటివి. ఇంకో సంగతి, మొదటి పది రోజులు అందరూ వస్తారు. నెల దాటాక ఎవరూ ఉండరు. నువ్వు నెల దాటాక వెళ్ళు.

వీటికి ఏ సంస్థలోనూ చేరక్కర్లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, మీ అపార్ట్‌మెంట్లోనే చూడు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఉంటారు. ఫోన్‌లో వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని వాళ్ళకు ఓపిగ్గా నాలుగుసార్లు చెప్పేవాళ్ళు కావాలి. బల్బు మార్చేవాళ్ళు కావాలి. మూడు రోజులుగా తలుపు తియ్యకపోతే గమనించేవాళ్ళు కావాలి. కూర్చున్నచోటు నుంచి చెయ్యాలంటే బీ మై ఐస్ అనే యాప్ ఉంది, 2015లో డెన్మార్క్‌లో మొదలైంది. చూపులేనివాళ్ళు వీడియో కాల్ చేస్తే, చేతిలో ఉన్నది ఏ మందో, దాని ఎక్స్‌పైరీ ఎప్పుడో నువ్వు చదివి చెప్తావు. రెండు నిమిషాల పని.

నువ్వు అకౌంట్స్ మనిషివి కదా, ఆ మాట నీ లిస్టులో ఎక్కడా లేదు. చిన్న సంస్థల్లో గోడలకు రంగులేసేవాళ్ళు కావలసినంతమంది. లెక్కలు రాసేవాళ్ళు ఉండరు. బిల్లులు అట్టపెట్టెలో పోసి ఉంటాయి. అది సర్దిపెడితే ఫొటోకి బాగుండదు కానీ, ఆ ఏడాది వాళ్ళకు రావాల్సిన డబ్బు వస్తుంది. సాల్ఫెరీనో యుద్ధం గురించి చదివావా? 1859 జూన్ 24న ఇటలీలో జరిగింది. స్విట్జర్లాండ్ నుంచి సొంత వ్యాపారం పని మీద అటు వచ్చిన హెన్రీ డ్యూనాంట్, వేలమంది సైనికులు గాయాలతో పడి ఉండటం చూశాడు. ఆయన డాక్టరు కాదు. ఊరివాళ్ళను పోగేసి, ఏ పక్షం సైనికుడని చూడకుండా నీళ్ళు పట్టించాడు, గాయాలు కడిగించాడు, చనిపోతున్నవాళ్ళు ఇంటికి చెప్పమన్న మాటలు రాసుకున్నాడు. నాలుగేళ్ళకు, 1863లో, రెడ్‌క్రాస్ దాన్నుంచే పుట్టింది. నాకు అందులో గుర్తుండిపోయింది ఆ రాసుకోవడమే. చేతికి వచ్చిన పనే చేశాడు.

ఎమర్జెన్సీ గురించి ఒక్కటి. రోడ్డు మీద ఎవరైనా పడిపోతే చుట్టూ జనం ఉన్నారు కదా అని ధైర్యపడకు, జనం ఉన్నందుకే ఒక్కోసారి ఎవరూ కదలరు. 1968లో ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు, లతానే, డార్లీ, ప్రయోగం చేసి చూశారు. పక్క గదిలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు మైకులో వినిపించారు. విన్నది తను ఒక్కడినే అనుకున్నవాళ్ళలో 85 శాతం లేచి చెప్పారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్ళలో 31 శాతమే. కాబట్టి "ఎవరైనా అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి" అని గాల్లోకి అరవకు. ఒకరి వైపు వేలు చూపించి, "నీలం చొక్కా వేసుకున్న మీరే, ఫోన్ చెయ్యండి, చేశాక నాకు చెప్పండి" అను. వీలైతే సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ళకు ఛాతీ నొక్కే పద్ధతి, నేర్పే క్లాసుకు ఒక పూట వెళ్ళు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ మధ్యలో, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. చదివితే రాదు, బొమ్మ మీద నొక్కితేనే ఎంత బలం కావాలో తెలుస్తుంది.

ఫొటోలు వద్దు. నువ్వు సాయం తీసుకునే రోజున నీ మొహం ఎవరి ఫోన్‌లోనో ఉండటం నీకు ఇష్టమేనా? అందరూ థ్యాంక్స్ చెప్తారనీ అనుకోకు. నన్ను తిట్టినవాళ్ళు ఉన్నారు. నేను కట్టిన కట్టు సరిగ్గా లేదని అందరి ముందూ విప్పేసినావిడ ఉంది. (నిజంగానే సరిగ్గా లేదు.) కష్టంలో ఉన్నంత మాత్రాన మనిషి మంచివాడై పోవాలని ఏముంది?

ఇక నీ సంగతి. అడిగినవాళ్ళందరికీ అప్పులివ్వకు. తెలియని ఇళ్ళకు ఒంటరిగా వెళ్ళకు. ఎవరైనా నీతో చచ్చిపోవాలనుంది అంటే మాట మార్చకు. నేరుగా అడుగు, విను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు. కానీ ఆ బరువు నువ్వొక్కదానివే మొయ్యకు, రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకు. డాక్టరు దగ్గరికో, హెల్ప్‌లైన్‌కో ఆ రోజే చేర్చు. నిద్ర పట్టనంతగా ఏదైనా మనసులో ఉండిపోతే నాకు ఫోన్ చెయ్యి, రాత్రి ఎన్నింటికైనా.

వచ్చే శనివారం నుంచి ఆస్పత్రి రిజిస్ట్రేషన్ దగ్గర ఫారాలు నింపి పెట్టే పనికి మనుషులు కావాలంటున్నారని రాశావు. ఆ ఆరింట్లో లేకపోయినా, నువ్వు రాసినవాటిలో నాకు నచ్చింది అదే. వెళ్ళేటప్పుడు రెండు పెన్నులు పట్టుకెళ్ళు. ఒకటి ఎవరో తీసుకుని ఇవ్వడం మర్చిపోతారు.

మీ
పెద్దమ్మ