కొత్తగా కొట్టు పెడుతున్న అమ్మాయికి

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

చీరాలలో కొట్టు కుదిరిందనీ, బిల్లింగ్‌కి కంప్యూటర్ కూడా వచ్చేసిందనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఇన్నేళ్లుగా కొట్ల లెక్కలు చూస్తున్నవాణ్ణి, కొన్ని జాగ్రత్తలు ముందే చెప్తే మంచిదనిపించింది.

అన్నిటికంటే నాకు భయం సరుకు డబ్బు పంపే దగ్గరే. ఏదో ఒకరోజు నీకు సరుకు పంపే సూరత్ పార్టీ పేరుతో మెసేజ్ వస్తుంది. "పాత అకౌంట్ ఆడిట్‌లో ఉంది, ఈసారికి ఇందులో వేయండి" అని. లెటర్‌హెడ్, జీఎస్టీ నంబరు, బిల్లు మొత్తం అన్నీ సరిగ్గానే ఉంటాయి. నీ మెయిల్‌లోకో వాళ్ల మెయిల్‌లోకో దూరి, బిల్లు చూసి కాచుక్కూర్చున్నవాడు పంపేది కదా మరి. నేను లెక్కలు చూసే ఒక బట్టల కొట్లో అచ్చం ఇలాగే వచ్చింది. బ్యాంకు బ్రాంచిని తెలిపే ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో మొదటి నాలుగు అక్షరాలు వేరే బ్యాంకువని గుమస్తా గమనించాడు కాబట్టి డబ్బు ఆగింది. అందరికీ అంత చూపు ఉండదు. అకౌంట్ మారిందన్నారంటే, పాత బిల్లు మీదున్న నంబరుకి నువ్వే ఫోన్ చేసి, గొంతు తెలిసిన మనిషితో మాట్లాడు. మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకి చేస్తే ఆ దొంగే ఎత్తుతాడు. ఎంత అర్జెంటన్నా సరే, ఈ ఫోన్ చేయకుండా రూపాయి కదలకూడదు. మెయిల్‌కీ వాట్సాప్‌కీ, రెండో తాళంలా ఇంకో కోడ్ కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ ఇవాళే పెట్టుకో.

క్యూఆర్ స్టాండు రాత్రి లోపల పెట్టు. పొద్దున ఒకసారి స్కాన్ చేసి నీ పేరే వస్తోందా చూడు. స్క్రీన్‌షాట్ చూపిస్తే సరుకు ఇవ్వొద్దు, నీ యాప్‌లో డబ్బు పడాలి. మనకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని కౌంటర్‌లో కూర్చునే పిల్లలకి కూడా చెప్పు. పెళ్లిపత్రిక, చలానా అంటూ వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఫోన్‌లో దొంగ యాప్ ఎక్కించేవి) ఎవరూ నొక్కకూడదు.

కొట్టు లెక్కలుండే టాలీ సాఫ్ట్‌వేర్ డేటా సంగతి మరీ ముఖ్యం. 2017 మేలో ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లే కొన్ని లాక్ అయిపోయాయి. అప్పటికి రెండు నెలల ముందే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. కాబట్టి అప్‌డేట్ అడిగితే వాయిదా వేయకు. తక్కువలో అయిపోతుందని దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ అసలే వేయించకు. రోజూ బ్యాకప్ తీసి, పెన్‌డ్రైవ్ పీకి ఇంటికి తీసుకెళ్లు. కంప్యూటర్‌కే గుచ్చి ఉంచితే వైరస్ దాన్నీ లాక్ చేస్తుంది, అప్పుడది బ్యాకప్ ఎలా అవుతుంది? నెలకోసారి అందులోంచి డేటా తెరిచి చూడు కూడా.

ఇన్ని చేసినా డబ్బు పోతే, పరువు పోతుందని దాచకు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, బ్యాంకుకీ చెప్పు. దొంగ డ్రా చేసేలోపే అయితే ఆ డబ్బును ఆపే వీలుంటుంది. 1930, బ్యాంకు నంబరు రెండూ కాగితం మీద రాసి కౌంటర్ లోపలివైపు అంటించు. ఫోన్ లాక్ అయినా కనిపించాలి.

ఇట్లు,
మీ పెదనాన్న